ఎర్ర కోటు దొర పక్కన నిలబడ్డవాళ్లు ఎవరు?

ఈ ఎపిసోడ్‌లో యుద్ధం లేదు, గుప్తనిధి లేదు. ఒక బొమ్మ చూపిస్తాను, కొన్ని పాత కాగితాల సంగతి చెబుతాను. ఫోన్‌లో చూస్తున్నవాళ్లు ఒకసారి బ్రైట్‌నెస్ పెంచుకోండి. ఎందుకో కాసేపట్లో మీకే తెలుస్తుంది.

ఇదిగో, స్క్రీన్ మీద ఉన్నది నూనె రంగులతో వేసిన చిత్రం. 1816లో థామస్ హికీ అనే ఐర్లాండ్ చిత్రకారుడు వేశాడు. ఇప్పుడు లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీలో ఉంది. ఎర్ర కోటు వేసుకుని నిలబడ్డ దొర పేరు కాలిన్ మెకంజీ. మన చూపు ముందు ఆయన మీదికే పోతుంది. చిత్రకారుడు కోరుకున్నదీ అదే. ఇప్పుడు రెండు వేళ్లతో బొమ్మను పెద్దది చేసి పక్కలకు జరపండి. ఇంకో ముగ్గురు కనిపిస్తారు. ముగ్గురూ మనవాళ్లే. ఒకాయన చేతిలో తాటాకుల గ్రంథం ఉంది. ఇంకొకాయన దుర్భిణీ పట్టుకుని ఉన్నాడు. వెనక దూరంగా కొండ మీద ఒక పెద్ద విగ్రహం ఉంది చూశారా, అది కర్ణాటకలోని కార్కళ గోమటేశ్వరుడు. దాని దగ్గరే ఒక పొడుగాటి కర్ర, కర్ర కొసన బుట్ట. అది సర్వేవాళ్లు పాతిన గుర్తు. దూరం నుంచి దాన్ని చూస్తూ కోణాలు కొలిచేవాళ్లు.

నేను ఈ బొమ్మ మొదటిసారి చూసినప్పుడు ఆ తాటాకులాయన కావలి బొర్రయ్య అనుకున్నాను. మా ఫ్రెండ్స్ గ్రూపులో గొప్పగా పోస్టు కూడా పెట్టాను. తర్వాత తేదీలు చూసుకుంటే నవ్వొచ్చింది. బొర్రయ్య చనిపోయింది 1803లో. బొమ్మ వేసింది 1816లో. పదమూడేళ్ల తేడా! ఈ ముగ్గురూ ధర్మయ్య అనే జైన పండితుడు, బొర్రయ్య తమ్ముడు కావలి లక్ష్మయ్య, కిష్ణాజీ అనే బంట్రోతు అని సాధారణంగా చెబుతారు. అయితే ఎవరు ఎవరన్నది పండితులు ఇప్పటికీ వాదించుకుంటూనే ఉన్నారు. ఎర్ర కోటాయన ఎవరన్న దాని మీద మాత్రం ఒక్కరికీ అనుమానం లేదు. ఈరోజు నేను చెప్పాలనుకున్నది ఆ తేడా గురించే.

ముందు దొర సంగతి తొందరగా చెప్పేస్తాను. మెకంజీది స్కాట్లాండ్‌కు పడమరన ఉన్న లూయిస్ దీవి, స్టోర్నోవే అనే ఊరు. 1783లో ఈస్టిండియా కంపెనీ సైన్యంలో చేరి మద్రాసులో దిగాడు. టిప్పు సుల్తాన్ మీద జరిగిన యుద్ధాల్లో పని చేశాడు. 1799లో శ్రీరంగపట్నం పడిపోయాక మైసూరు దేశమంతా సర్వే చేసే పని ఆయనకు అప్పగించారు. 1815లో మొత్తం ఇండియాకు మొట్టమొదటి సర్వేయర్ జనరల్ అయ్యాడు. 1821లో కలకత్తాలో చనిపోయాడు. ఇంతే అయితే ఆయన గురించి ఎపిసోడ్ చేయాల్సిన అవసరం లేదు. కంపెనీలో ఇలాంటి ఇంజనీర్లు చాలామంది ఉన్నారు.

మెకంజీకి ఉన్న పిచ్చి వేరు. ఏ ఊరికి కొలతలకు వెళ్లినా, ఆ ఊరి కథ కావాలి ఆయనకు. గుడి ఎవరు కట్టించారు, చెరువు ఎవరు తవ్వించారు, ఏ రాజు ఎవరికి మాన్యం ఇచ్చాడు, రాయి మీద ఏం రాసి ఉంది, అన్నీ కావాలి. చనిపోయేనాటికి ఆయన దగ్గర పోగైన సరుకు లెక్క చూడండి. ఈ అంకెలు 1828లో హెచ్.హెచ్. విల్సన్ అచ్చు వేసిన కేటలాగ్‌లోవి. గ్రంథాల రాతప్రతులు 1,568. ఊళ్ల చరిత్రలు, స్థానిక కథనాలు 2,070. శాసనాల నకళ్లు 8,076. బొమ్మలు 2,630. నాణేలు 6,218. ఇదంతా కంపెనీ ప్రభుత్వం ఆయన భార్య దగ్గర లక్ష రూపాయలకు కొన్నది. ఆ రోజుల్లో లక్ష రూపాయలు!

ఇప్పుడు అసలు ప్రశ్న. ఈయనకు తెలుగు వచ్చా? రాదు. తమిళం? రాదు. కన్నడం, సంస్కృతం కూడా రావు. ఈ మాట అన్నది నేను కాదు, 1817లో ఒక మిత్రుడికి రాసిన ఉత్తరంలో మెకంజీ తనే ఒప్పుకున్నాడు. తనకు ఇక్కడి భాషలేవీ రావనీ, భారతీయ విద్య వాకిట్లోకి తనను మొదట తీసుకెళ్లింది ఒక బ్రాహ్మణ యువకుడనీ, అతని ప్రతిభ వల్లే ఈ పని సాగిందనీ రాశాడు. ఆ యువకుడే కావలి వెంకట బొర్రయ్య.

బొర్రయ్యది ఏలూరు. మన ఏలూరే, తివాచీల ఏలూరు. 1776లో పుట్టాడు. ఇరవై ఏళ్ల వయసుకే మెకంజీ దగ్గర చేరాడు. అంటే ఇప్పుడు డిగ్రీ ఫైనలియర్ చదివే వయసు. సంస్కృతం, తెలుగు, తమిళం, కన్నడం తెలుసు, ఇంగ్లిష్ కూడా నేర్చుకున్నాడు. కానీ భాషలు రావడం ఒక్కటే కాదు ఆయన గొప్పతనం. ఊళ్లోకి వెళ్లి పూజారిని ఏమడగాలి, కరణాన్ని ఏమడగాలి, ఏ మాటకు ఎవరు నొచ్చుకుంటారు, గుడి వెనక పడి ఉన్న రాయిని ఎలా చదవాలి, ఇవన్నీ ఒక పద్ధతిలో పెట్టింది ఆయనే. మిగతా సహాయకులకు పని నేర్పిందీ ఆయనే.

జైనుల గురించి ఒక జైన ఆచార్యుడిని అడిగి బొర్రయ్య సేకరించి అనువదించిన వ్యాసం కలకత్తా ఏషియాటిక్ సొసైటీవాళ్ల పత్రికలో అచ్చయింది. అప్పటికి ఆయన లేడు. ముప్పై ఏళ్లు కూడా నిండకుండానే పోయాడు. ఆ వ్యాసం శీర్షికలో బొర్రయ్య పేరుంది. దాని పక్కనే మేజర్ మెకంజీ కోసం అనువదించినది అని కూడా ఉంది. ఆ ‘కోసం’ అన్న మాట గుర్తుపెట్టుకోండి, మళ్లీ దాని దగ్గరికి వస్తాను.

ఇప్పుడు కాగితాలు చూద్దాం. నాకు వీటిలో అన్నిటికంటే ఇష్టమైనవి కైఫీయత్తులు. కైఫీయత్ అంటే ఉర్దూలో వివరం, పరిస్థితి. ఒక ఊరి వివరం మొత్తం రాసి పెట్టిన కాగితం అన్నమాట. కరణాల ఇళ్లల్లో తరతరాలుగా దాచిన కవిలెలు ఉండేవి. ఊరి లెక్కలు, మాన్యాలు, సరిహద్దులు, పాత రాజుల పేర్లు వాటిలో ఉండేవి. మెకంజీ మనుషులు ఊరూరా తిరిగి ఆ కవిలెలు చూసి, పెద్దవాళ్లను అడిగి, శాసనాలు చదివి, ఆ ఊరి కైఫీయత్తు రాయించేవాళ్లు.

ఒక కైఫీయత్తు తెరిస్తే మొదట్లోనే మీరు చిక్కుకుపోతారు. భాష తెలుగే, కానీ మౌజే, సంతు, సర్కారు, ఫసలీ అని వరుసగా ఫారసీ మాటలు. మౌజే అంటే గ్రామం. సంతు అంటే కొన్ని ఊళ్ల గుంపు. ఫసలీ అంటే పంటల లెక్కన నడిచే సంవత్సరం. మన పొలం అడంగల్ కాగితంలో ఇప్పటికీ ఫసలీ అని ఉంటుంది, చూడండి. దానికి 590 కలిపితే ఇంగ్లిష్ సంవత్సరం వస్తుంది. కాగితంలో 1225 ఫసలీ అని ఉంటే 1815 అని లెక్క. ఇది తెలియక నేను మొదట ఒక కాగితాన్ని కాకతీయుల కాలానిదనుకుని ఎగిరి గంతేశాను. నవ్వకండి.

లోపల ఏముంటుంది? ఊరికి ఆ పేరెలా వచ్చిందో ఉంటుంది. చాలాసార్లు అది కథే. ఉదాహరణకు గుంటూరు వైపు కైఫీయత్తుల్లో ముక్కంటి అనే రాజు మాటిమాటికీ వస్తాడు. కాశీ నుంచి బ్రాహ్మణులను తెచ్చి అగ్రహారాలిచ్చాడని చెబుతారు. చరిత్రకారులు దీన్ని ఉన్నదున్నట్టు నమ్మరు. నేనూ నమ్మను. కానీ ఆ ఊరివాళ్లు తమ భూమి హక్కును ఎంత వెనకటి కాలానికి ముడిపెట్టాలనుకున్నారో అందులో తెలుస్తుంది. తర్వాత గజపతులు, రెడ్లు, కృష్ణదేవరాయలు, గోల్కొండ నవాబులు, ఒకరి తర్వాత ఒకరు వస్తారు. ఆ పైన దేవాలయం మాన్యం ఎన్ని కుచ్చెళ్లు, తూర్పున ఏ ఊరి పొలిమేర, పడమర ఏ వాగు, ఏ చింతచెట్టు. రాజుల పేర్లలో పొరపాట్లుంటాయి గానీ, చింతచెట్టు విషయంలో ఎవరూ పొరపాటు పడరు. ఎందుకంటే రేపు పొద్దున తగాదా వచ్చేది దాని దగ్గరే.

ఈ పని అంత సులువుగా జరగలేదు. నారాయణరావు, ఆనందరావు వంటి సహాయకులు ఊళ్లు తిరుగుతూ తమ ప్రయాణాల మీద నివేదికలు పంపేవాళ్లు. వాటిలో కనిపించేది ఏమిటంటే, ఊళ్లవాళ్లు వీళ్లను చూసి భయపడేవాళ్లు. కంపెనీ మనుషులు వచ్చి మాన్యాల కాగితాలు చూపించమంటే ఎవరికైనా ఏమనిపిస్తుంది? పన్ను పెంచడానికో, మాన్యం లాక్కోవడానికో వచ్చారనిపిస్తుంది. కొందరు కాగితాలు దాచేసేవాళ్లు, లేవనేవాళ్లు. నన్నడిగితే వాళ్ల భయం వట్టిది కాదు. సర్వే చేయించేది ఎవరు? కంపెనీ. దేశం ఎంత ఉందో, ఎవరి చేతిలో ఏముందో కంపెనీకి తెలియాలి. మెకంజీకి చరిత్ర మీద నిజమైన ప్రేమ ఉంది, ఆ ప్రేమకు జీతం ఇచ్చింది మాత్రం కంపెనీ ఖజానా. ఈ రెండూ నిజాలే. ఒకటి చెప్పి రెండోది దాచడం నాకు ఇష్టం లేదు.

సరే, ఇప్పుడు అమరావతి. స్క్రీన్ మీద ఉన్నది చూడండి, పాలరాయి లాంటి తెల్లని సున్నపురాతి పలక మీద చెక్కిన శిల్పానికి బొమ్మ. ఫొటో కాదు, ఫొటోగ్రఫీ ఇంకా పుట్టలేదు. మనిషి కూర్చుని, కొలతలు తీసి, కాగితం మీద గీసింది.

కథ 1790లలో మొదలవుతుంది. జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు చింతపల్లి నుంచి తన రాజధానిని అమరావతికి మార్చాడు. కొత్త ఊరు కట్టాలంటే రాళ్లు కావాలి, ఇటుకలు కావాలి. అక్కడ ఒక పెద్ద దిబ్బ ఉంది. ఊళ్లోవాళ్లు దాన్ని దీపాలదిన్నె అనేవాళ్లు. పనివాళ్లు తవ్వుతుంటే లోపలి నుంచి చెక్కిన పలకలు బయటపడ్డాయి. అది దాదాపు రెండు వేల ఏళ్లనాటి బౌద్ధ మహాస్తూపం అని అప్పట్లో ఎవరికీ తెలియదు. వార్త విని మెకంజీ 1798లో వచ్చి చూశాడు. అప్పుడు ఎక్కువసేపు ఉండలేకపోయాడు. మళ్లీ 1816లో తన చిత్రకారులను, సర్వేవాళ్లను వెంటబెట్టుకుని వచ్చాడు.

ఈ పద్దెనిమిదేళ్లలో ఏం జరిగిందో తెలుసా? పలకలు మాయమవుతూ వచ్చాయి. కొన్ని కొత్త కట్టడాల్లోకి పోయాయి. కొన్నిటిని సున్నం కోసం కాల్చేశారు. దిబ్బ నడిమధ్య చెరువు తవ్వేశారు. మెకంజీ మనుషులు గీసిన ప్లానులో ఆ చెరువు స్పష్టంగా కనిపిస్తుంది. స్తూపం ఉండాల్సిన చోట నీళ్లు! ఆ ప్లాను చూస్తే ఒళ్లు జలదరిస్తుంది.

అయితే జమీందారును తిట్టి ఊరుకోవడం కూడా సరికాదు. దొరలు ఏమైనా తక్కువ తిన్నారా? తర్వాత కొన్నేళ్లకు రాబర్ట్‌సన్ అనే కంపెనీ అధికారి అమరావతి పలకలను బండ్ల మీద మచిలీపట్నానికి తోలించి, బజారు మధ్యలో దిబ్బలా పేర్చి అలంకారంగా పెట్టించాడు. బందరులో రాబర్ట్‌సన్‌పేట ఇప్పటికీ ఉంది. ఆ తర్వాత వాల్టర్ ఎలియట్ 1845లో తవ్వించిన పలకలు మద్రాసు చేరి, అక్కడి నుంచి 1859లో లండన్‌కు పోయాయి. ఇప్పుడు బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నవి ఎక్కువగా అవే. మిగిలినవి చాలావరకు చెన్నైలో ఉన్నాయి.

కానీ ఈ బొమ్మల్లో ఉన్న పలకలన్నీ ఇప్పుడు లేవు. అది చెప్పడానికే ఇంత దూరం వచ్చాను. కొన్ని పలకలు లండన్‌లోనూ లేవు, చెన్నైలోనూ లేవు, అమరావతిలోనూ లేవు. ఈ కాగితం మీద మాత్రమే ఉన్నాయి. ఎవరో ఒక చిత్రకారుడు కృష్ణ ఒడ్డున ఎండలో కూర్చుని, పగిలిన చోట పగిలినట్టు, ముక్కు విరిగిన చోట విరిగినట్టు గీశాడు కాబట్టి మనకు తెలుస్తోంది. ఆ గీసినవాళ్లలో యూరోపియన్లు ఉన్నారు, మనవాళ్లూ ఉన్నారు. అయితే ఆల్బమ్‌ను మనం ఏ పేరుతో పిలుస్తాం? మెకంజీ ఆల్బమ్ అంటాం. నేను కూడా అలాగే అంటాను, ఇంకో పేరు లేదు కాబట్టి.

ఇప్పుడు లక్ష్మయ్య దగ్గరికి వద్దాం. నాకు ఈ మొత్తం కథలో మనసు కష్టపెట్టిన భాగం ఇదే.

అన్న బొర్రయ్య పోయాక పని బాధ్యత లక్ష్మయ్య తీసుకున్నాడు. ఒకటి రెండేళ్లు కాదు, మెకంజీ చనిపోయేదాకా, పద్దెనిమిదేళ్లు. సహాయకులను ఎటు పంపాలి, ఎవరి నివేదికలో ఏముంది, ఏ గ్రంథం ఎక్కడ దొరుకుతుంది, అన్నీ ఆయనకు తెలుసు. 1821లో మెకంజీ పోయాడు. సేకరణను కంపెనీ కొనేసింది. కొంత లండన్‌కు వెళ్లింది, దక్షిణ భాషల కాగితాలు చాలావరకు మద్రాసుకు వచ్చాయి. పని సగంలో ఆగిపోయింది. చదవాల్సినవి, అనువదించాల్సినవి, సేకరించాల్సినవి ఎన్నో మిగిలిపోయాయి.

1830లలో లక్ష్మయ్య ప్రభుత్వానికి అర్జీ పెట్టుకున్నాడు. ఈ పని నాకు తెలుసు, నేను కొనసాగిస్తాను, సహాయం చేయండి అని. ఆ అర్జీ తిరిగి తిరిగి కలకత్తాలో ఏషియాటిక్ సొసైటీ ముందుకు వచ్చింది. అప్పుడు దాని కార్యదర్శి జేమ్స్ ప్రిన్సెప్. 1836లో వచ్చిన అభిప్రాయం సారాంశం ఏమిటంటే, లక్ష్మయ్యకే కాదు, అసలు ఏ నేటివ్‌కూ ఇంతటి పని చేసే అర్హత ఉందనుకోలేం, సహాయకులుగా అయితే పనికొస్తారు. అంతే. ఆ తర్వాత మద్రాసులో ఆ కాగితాలను పరిశీలించే పని విలియం టేలర్ అనే మిషనరీకి దక్కింది.

ఇది చదివి నేను ఫోన్ పక్కన పెట్టేసి కాసేపు అలాగే కూర్చున్నాను. దాదాపు నలభై ఏళ్లుగా ఆ కుటుంబం చేస్తున్న పని అది. అన్న ప్రాణం పోసిన పని. తమ్ముడు జీవితమంతా పెట్టిన పని. దాని మీద నీకు అర్హత లేదని చెప్పింది, ఆ పని ఎన్నడూ చేయనివాళ్లు.

ప్రిన్సెప్ తెలివితక్కువవాడు కాదు సుమా. ఆ మరుసటి ఏడాదే, 1837లో, అశోకుడి బ్రాహ్మీ లిపి గుట్టు విప్పింది ఈయనే. అందులో కూడా కమలాకాంత విద్యాలంకార్ వంటి పండితుల సాయం ఆయనకు ఉంది. పక్కనే మన పండితుడు కూర్చుని చదివి చెబుతున్నా, ‘ఏ నేటివ్‌కూ’ అనే మాట కలంలోంచి ఎలా వచ్చిందో అని నాకు ఆశ్చర్యం. మెకంజీ తన ఉత్తరంలో బొర్రయ్యకు ఇచ్చిన గౌరవం, పందొమ్మిదేళ్లు తిరిగేసరికి సొసైటీ టేబుల్ మీద మిగల్లేదు. ఇందాక గుర్తుపెట్టుకోమన్న మాట ఉంది కదా, ‘కోసం’. దొర కోసం చేసినంత కాలం వాళ్లకు అర్హత ఉంది. తమ పేరు మీద చేస్తామన్నప్పుడు లేకుండా పోయింది.

ఆ ఇంట్లో ఇంకో తమ్ముడు కూడా ఉన్నాడు, రామస్వామి. ఈయన దారి వేరు. ఎవరి అనుమతీ అడగలేదు. 1829లో కలకత్తాలో దక్కన్ కవుల జీవితాల మీద ఇంగ్లిష్‌లో ఒక పుస్తకం అచ్చు వేయించాడు. తెలుగు కవుల గురించి ఇంగ్లిష్‌లో ఒక తెలుగువాడు రాసిన తొలి పుస్తకాల్లో అది ఒకటి. ఇప్పుడు దాని స్కాన్ ఫోన్‌లోనే చదువుకోవచ్చు. అందులో తేదీలు తప్పులున్నాయి, కట్టుకథలున్నాయి. కానీ ఆ కవుల మధ్య తన అన్న బొర్రయ్యకు కూడా ఒక అధ్యాయం పెట్టాడు. బొర్రయ్య జీవితం గురించి ఈరోజు మనకు తెలిసిన వివరాల్లో చాలాభాగం అక్కడి నుంచి వచ్చినవే. హికీ బొమ్మలో బొర్రయ్య లేడు. తమ్ముడు రాసిన పుస్తకంలో ఉన్నాడు.

ఇక్కడ మా ఇంటి సంగతి ఒకటి చెప్పాలి. మా ముత్తాత, మా తాతయ్య ఇద్దరూ కరణాలు. 1984 మొదట్లో ఎన్టీఆర్ ప్రభుత్వం మునసబు, కరణం పదవులను రద్దు చేసింది. సర్కారు లెక్కలన్నీ అప్పగించేశారు. ఇంట్లో మాత్రం ఒక రేకు పెట్టె మిగిలింది. పాత కాగితాలు, గుడ్డలో చుట్టిన తాటాకుల కట్ట ఒకటి. నేను పుట్టేనాటికి ఆ పెట్టె వసారాలో ఉండేదట. చెదలు పట్టిందని ఒక సంక్రాంతికి ముందు ఇల్లు దులిపేటప్పుడు కాగితాలు తూకానికి అమ్మేశారు. తాటాకులను మాత్రం అమ్మితే పాపమని మా నాయనమ్మ ఏట్లో కలిపించింది. చదవలేని గ్రంథం ఇంట్లో ఉంటే అలా నీళ్లలో వదలడం చాలా ఇళ్లల్లో జరిగిందే. ఆవిడను తప్పు పట్టలేను. మర్యాదగా సాగనంపాననే అనుకుంది ఆవిడ. అందులో ఏముందో చదివినవాళ్లు మా ఇంట్లో అప్పటికే ఎవరూ లేరు.

అందుకే కైఫీయత్తుల సంగతి తెలిసినప్పుడు మొదట మా ఊరు వెతికాను. రెండు రాత్రులు వెతికాను. మా ఊరి కైఫీయత్తు దొరకలేదు. పక్క ఊరిది దొరికింది. అందులో పొలిమేరలు చెప్పేచోట, తూర్పున ఫలానా ఊరి పొలిమేర అని, మా ఊరి పేరు ఒక్కసారి ఉంది. ఒకే ఒక్కసారి. స్క్రీన్‌షాట్ తీసి మా నాన్నకు పంపాను. ఆయన ఎప్పుడూ నా వీడియోలకు బొటనవేలు గుర్తు పెట్టి ఊరుకుంటారు. ఆ రోజు ఫోన్ చేసి, ‘ఆ వాగు పేరు కూడా ఉందేమో చూడరా, ఇప్పుడు పూడ్చేశారు గానీ’ అన్నారు. చూశాను. ఉంది.

మీరు కూడా వెతకాలనుకుంటే, కొన్ని ప్రాంతాల కైఫీయత్తులు పుస్తకాలుగా అచ్చయ్యాయి. కడప జిల్లావి కడపలోని సి.పి. బ్రౌన్ భాషా పరిశోధన కేంద్రం సంపుటాలుగా వేసింది. బ్రౌన్ పేరు ఇక్కడ ఊరికే రాలేదు. మద్రాసులో మెకంజీ కాగితాలు సిరా తినేసి, పురుగులు పట్టి పాడైపోతుంటే, మళ్లీ నకళ్లు రాయించినవాడు ఆయన. ఆ నకళ్లు రాసిన లేఖకులు ఎవరని మాత్రం నన్ను అడగకండి. మళ్లీ అదే కథ.

ఇంకోటి. అన్నీ ఇంటర్నెట్‌లో ఉన్నాయి కదా, ఎప్పుడైనా చూసుకోవచ్చులే అనుకోకండి. 2023 అక్టోబరులో బ్రిటిష్ లైబ్రరీ మీద సైబర్ దాడి జరిగింది. వెబ్‌సైటు, కేటలాగు, డిజిటల్ రాతప్రతులు అన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి. కేటలాగు మళ్లీ కనిపించడానికే నెలలు పట్టింది. మొన్నటిదాకా తెరుచుకున్న లింకు తెరుచుకోలేదు. అప్పుడు నాకు మా వసారాలోని రేకు పెట్టె గుర్తొచ్చింది. చెదలు రకరకాలుగా ఉంటాయి.

అందుకని మీకు ఒక చిన్న పని. మీ ఇంట్లో పాత దస్తావేజు గానీ, తాతగారి డైరీ గానీ, పెళ్లి శుభలేఖ గానీ, తాటాకు గానీ ఉంటే ముందు పగటి వెలుతురులో ఫొటో తీయండి. రెండు వైపులా తీయండి, వెనక వైపు ఖాళీగా ఉన్నా సరే. తాటాకులకు నూనెలూ గీనెలూ పూయకండి, ల్యామినేషన్ అసలే వద్దు. ఎవరి కాగితమో, ఎవరి దగ్గర దొరికిందో, ఎవరు చదివి చెప్పారో ఫొటోతో పాటు రాసి పెట్టండి. ముఖ్యంగా చదివి చెప్పినవాళ్ల పేరు. భూమి తగాదాల కాగితాలైతే మాత్రం కామెంట్లలో పెట్టకండి బాబూ, ఇంట్లో అడిగి చూపించండి.

వీడియో ఆపేముందు ఇంకొక్కసారి బొమ్మ చూద్దాం. 2017లో ఈ చిత్రాన్ని మెకంజీ పుట్టిన స్టోర్నోవేకు తీసుకెళ్లి ప్రదర్శనలో పెట్టారు. దొర సొంతూరికి వెళ్లాడు. ఆయనతో పాటు తాటాకులు పట్టుకున్నాయన, దుర్భిణీ పట్టుకున్నాయన కూడా ఆ చలి దీవికి వెళ్లి వచ్చారు. ఏలూరుకు మాత్రం ఎప్పుడొస్తారో చూడాలి.

వచ్చే ఎపిసోడ్‌లో ఫసలీ, శకం, తెలుగు సంవత్సరాల పేర్లు చూసి పాత కాగితం తేదీ ఎలా లెక్కగట్టాలో చేసి చూపిస్తాను. మీ దగ్గరున్న కాగితం ఏదైనా పంపితే దాని మీదే లెక్క చేద్దాం. ఉంటాను, నమస్తే.